కప్పు అడుగున

గుల్జార్ హౌజ్ దగ్గర మెట్ల కింది గదిలో
నాది వెండి నాణ్యం చూసే పని.
తూకానికి ముందు ఒక్క మాట చెప్పాలి:
తొంభైయా, ఎనభైయా, ఉత్త పూతా.
అంతకుమించి ఎవరూ అడగరు.

ఆ మంగళవారం తస్నీమ్ బేగం
పాత ఉర్దూ పేపర్లో చుట్టి తెచ్చింది
ఒక పిడి కప్పు.
పిడి అంటే డ్రాగనే. తోక కప్పు నడుముకు చుట్టి
గడ్డం అంచుకు ఆనించి
లోపల ఏమన్నా మిగిలిందా అని తొంగిచూస్తోంది.
పొట్ట మీద వెదురాకులు. వాటి నడుమ నున్నటి జాగా,
ఎవరి పేరో చెక్కితే ఇంకెవరో గీకేసిన చోటు.
"బొల్లారం పందేల్లో గెలిచిందట మా ఆయన తాత.
ఏ గుర్రమో తెల్వదు.
బోరు మోటరు కాలిపోయింది, ఎంతొస్తదో చెప్పు."

కంటికి భూతద్దం బిగించి కప్పును బోర్లించాను.
ఒకసారి ఇట్లాగే ఒక చెంచా మీద సింహాన్ని చూసి
ఇంగ్లండు సరుకని రాసిచ్చి నవ్వులపాలయ్యాను.
అది సింహాన్ని ఎన్నడూ చూడని చెయ్యి కొట్టిన సింహం,
జూలు పెట్టుకున్న పిల్లి.
జుమ్మేరాత్ బజార్ సర్వోత్తం సేఠ్ అప్పుడు చెప్పాడు:
"బొమ్మను నమ్మకు బేటీ, మూలలు చూడు."

మూలలు చూశాను.
రెండు ఇంగ్లీషు అక్షరాలు, అమ్మిన దుకాణానివి.
తొంభై అని అంకె, వెండిది.
వాటి పక్కన, బియ్యపుగింజంత గడిలో
కిటికీ మీద కిటికీ పెట్టినట్టు ఒక గుర్తు.
అది చేసినవాడిది.

మా నాయిన వీరాచారి కడియాలు చేసేవాడు.
బయట బేగంబజారు సేఠ్ పేరు, పెద్ద అచ్చుతో.
లోపల, మర తిరిగే చోట,
ఒక 'వీ'. గుడి దీర్ఘం సగం అరిగినది.
ఎవరి కాలికి తగిలిందో ఆమెకు కూడా తెలియని 'వీ'.

మర్నాడు కప్పు అడుగును ఫోనులో ఫోటో తీసుకుని
సికింద్రాబాద్ బస్సెక్కాను.
పళ్ళ డాక్టర్ లియావ్ గారి తాత చైనా నుంచి వచ్చాడు,
ఈయన పుట్టింది ప్యారడైజ్ వెనక గల్లీలో.
"పఢ్‌నా నై ఆతా అమ్మా," అన్నాడు,
"నోరు తెరిస్తే మాత్రం చూసి చెప్తాను."
ఇద్దరం నవ్వాం.
నవ్వుతూనే ఆయన ఆగిపోయాడు.
లేచి వెళ్ళి తలుపు బయట నిలబడ్డాడు.
తాత కట్టిన బోర్డు మీద, దంతాల బొమ్మ పక్కన,
కిటికీ మీద కిటికీ.
యాభై ఏళ్ళుగా దాని కింది నుంచే లోపలికి వస్తున్నాడు.

కలకత్తాలో మేనత్తకు ఫోను చేశాడు.
ఆమె చాలాసేపు దగ్గింది.
"వర్ధిల్లడం అని. అయితే ఏంటి?
కొట్టు పెట్టిన ప్రతివాడూ పెట్టుకునే పేరే అది."
వందమంది. రెండొందలమంది. వాళ్ళలో ఒకడు.
దొరికాడనుకున్నవాడు
గుంపులోకి మళ్ళీ నడిచి వెళ్ళిపోయాడు.

తస్నీమ్ బేగంకు నిజమే చెప్పాను:
తొంభై వెండి. చైనా పని. చేసినవాడెవరో తేలలేదు.
కరిగిస్తే ఇంత. కొనేవాడు దొరికితే దీనికి నాలుగింతలు,
కానీ ఎప్పుడు దొరుకుతాడో నేను చెప్పలేను.
"నీళ్ళు ఇయ్యాల కావాలి కదమ్మా," అంది.

లాడ్ బజార్ నుంచి గాజుల లక్క ముద్ద తెప్పించాను.
బొగ్గు సెగకు మెత్తబరచి
కప్పు అడుగున అదిమి పట్టాను, పది లెక్కపెట్టేదాకా.
గీటురాయి మీద గీయాల్సిన గీతను
ముద్రకు దూరంగా, డ్రాగన్ తోక కింద గీశాను.

సాయంత్రం ఆమె కప్పు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.
మూసలోకి వెళ్ళిందో, ఇంకో దుకాణానికి వెళ్ళిందో
మోటరు మాత్రం తిరుగుతోందని విన్నాను.

నా సొరుగులో ఎర్ర లక్క బిళ్ళ ఒకటి ఉంది.
దుకాణం అక్షరాలు అందులో తిరగబడి చదవరాకుండా పోయాయి.
అంకె కూడా తిరగబడింది.
కిటికీ మీద కిటికీ మాత్రం
ఎటు తిప్పినా అట్లాగే ఉంది.